పై అంతస్తు ఇల్లు చల్లగా, కరెంటు బిల్లు అదుపులో: బెజవాడ, గుంటూరు ఎండలకు ఏం చేయాలి

చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం మనకి పెద్ద సమస్య కాదు. భోగి మంటతో తీరిపోయే చలి మనది. గీజర్ తప్ప ఆ రోజుల్లో బిల్లు పెంచేది కూడా ఏమీ ఉండదు. మన తిప్పలన్నీ మార్చి మధ్యలో మొదలై తొలకరి పడేదాకా నడుస్తాయి. పటమటలోనో బ్రాడీపేటలోనో పై అంతస్తులో అద్దెకున్నవాళ్లని అడిగి చూడండి. పగటి ఎండ సంగతి ఎలా ఉన్నా, రాత్రి పదకొండింటికి కూడా సీలింగ్ సెగలు కక్కుతుంటే పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలన్నదే వాళ్ల బాధ.

అప్పుడు చాలామందికి తోచేది ఇంకో ఏసీ కొనడం. నా లెక్కలో అది ఆఖరి పని. ముందు వేడి ఇంట్లోకి రాకుండా ఆపాలి, తర్వాత వచ్చిన వేడిని రాత్రి బయటికి పంపాలి, ఆ తర్వాత ఫ్యాను, కూలరు, చివరికి ఏసీ. ఈ వరస తప్పితే డబ్బులు పోతాయి, ఇల్లు మాత్రం చల్లబడదు.

ముందు వేడి ఎటునుంచి వస్తోందో చూడండి

దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. బాగా ఎండ కాసిన రోజు రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఒక్కో గదిలో నాలుగు గోడలకీ అరచెయ్యి ఆనించి చూడండి. ఆ తర్వాత ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి సీలింగ్‌ని కూడా తాకి చూడండి. ఏది ఎక్కువ వేడిగా ఉందో గదివారీగా రాసిపెట్టుకోండి. పై అంతస్తులో దాదాపు ఎప్పుడూ సీలింగే మొదటి స్థానంలో ఉంటుంది, దాని తర్వాత పడమటి గోడ.

కారణం సూర్యుడు మన నెత్తిన ఎక్కడుంటాడన్నదే. విజయవాడ, గుంటూరు భూమధ్యరేఖకి పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన తల మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ కూడా పడదు. ఆ తర్వాత కొన్ని వారాలు మధ్యాహ్నం పూట కాస్త ఉత్తరానికే ఉంటాడు. అందుకే మండే నెలల్లో దక్షిణం గోడకి పెద్దగా ఎండ తగలదు. డాబా మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండుతుంది. పొద్దున తూర్పు గోడ, మధ్యాహ్నం దాటాక పడమటి గోడ ఏటవాలు ఎండని తింటాయి.

ఐదంగుళాల కాంక్రీటు శ్లాబు ఆ వేడిని వెంటనే కిందికి వదలదు. మధ్యాహ్నం మింగింది సాయంత్రం నుంచి రాత్రి దాకా నెమ్మదిగా గదిలోకి వదులుతుంది. అంటే రాత్రి మీ ఏసీ పోరాడేది మధ్యాహ్నపు ఎండతో. మొగల్రాజపురం, గుణదల, ఇంద్రకీలాద్రి వైపు కొండనానుకుని ఉన్న ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. పక్కనున్న బండ కూడా పగలంతా కాగి, చీకటి పడ్డాక సెగ కొడుతుంది. అలాంటి ఇంట్లో కొండవైపు గోడని పడమటి గోడతో సమానంగా లెక్కేసుకోండి.

మీది పై అంతస్తు కాకపోతే తర్వాతి భాగం వదిలేసి కిటికీల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

డాబాకి తెల్ల పూత

నన్ను ఒక్క పనే చెప్పమంటే ఇదే చెబుతాను. పాచి పట్టి నల్లబడ్డ కాంక్రీటు మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం మామూలే. అదే డాబా తెల్లగా ఉంటే పడిన ఎండలో ఎక్కువ భాగం తిరిగి పైకి వెళ్లిపోతుంది, శ్లాబు అంతగా కాగదు. కింద గదిలో రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది. వినడానికి చిన్న అంకె. రాత్రి పడుకున్నప్పుడు చిన్నది కాదు.

దీనికి రెండు దారులున్నాయి. చవకది సున్నం. ఎక్కువ కాలం నిలిచేది కూల్ రూఫ్ పెయింట్. ఏది వేసినా ముందు చేయాల్సిన పని ఒకటే, అక్కడే చాలామంది తొందరపడతారు. డాబాని వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్ది పాచి, మట్టి, ఊడిపోతున్న పాత పూత అంతా తీసేయాలి. కడిగాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో గమనించండి. పగుళ్లు కనిపిస్తే పగుళ్లు పూడ్చే మందుతో నింపి ఆరనివ్వండి. వాన నీళ్ల గొట్టాల మూతుల దగ్గర ఆకులు, చెత్త తీసేయండి. దుమ్ము మీద వేసిన పూత మొదటి వానకే పొరలుగా లేస్తుంది.

సున్నం వేసే పద్ధతి ఇది. పొడి సున్నాన్ని ముందురోజు రాత్రే ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి నానబెట్టండి. రాతి సున్నం అయితే జాగ్రత్త, నీళ్లు తగలగానే కుతకుతా ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, దీనికి ఇనుప బకెట్ లేదా డ్రమ్ము వాడండి. మర్నాడు పల్చటి గుడ్డతో వడగట్టి, డాబాకి అంటుకుని ఉండేందుకు ఫెవికాల్ లాంటి బంక కలపండి. మజ్జిగ కంటే కాస్త చిక్కగా ఉంటే సరిపోతుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం ఐదు దాటాక పని పెట్టుకోండి. డాబాని ముందు నీళ్లతో తడిపి, తేమ ఉండగానే మొదటి కోటు వేయాలి. కాలుతున్న శ్లాబు మీద వేస్తే సున్నం గట్టిపడకముందే ఆరిపోయి, వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది. మొదటి కోటు ఉత్తర దక్షిణాలుగా వేస్తే రెండోది తూర్పు పడమరలుగా వేయండి, సందులు మిగలవు. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవుజులు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ పూత వానలకి చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ వేసుకోవాల్సిందే.

కూల్ రూఫ్ పెయింట్ అయితే డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉందేమో చూడండి, ఎండకి పూత ఎంత తక్కువగా కాగుతుందో చెప్పే కొలత అది. 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మంచి సరుకు. ఆ అంకే లేకుండా ‘చల్లదనం’ అని మాత్రం రాసి ఉంటే నేనైతే కొనను. గోడలకి వేసే మామూలు తెల్ల ఎమల్షన్‌తో సరిపెడదామని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. నీళ్లు నిలిచే చోట అది ఉబ్బి ఊడుతుంది. దీనికి డాబా పూర్తిగా పొడిగా ఉండాలి, సున్నానికి సరిగ్గా రివర్స్ అన్నమాట. రెండు కోట్ల మధ్య ఎంత గ్యాప్ ఇవ్వాలో, లీటరుకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. ఆ లెక్కతోనే కొనండి, పెయింటర్ నోటి లెక్కతో కాదు. ఖర్చు మొత్తం ఒకేసారి పెట్టలేకపోతే పడుకునే గది పైన ఉన్న భాగానికి ముందు వేయించుకోండి.

రెండు జాగ్రత్తలు. తడిస్తే తెల్ల పూత జారుతుంది, బట్టలారేసే దారిలో పాత గోనెసంచులు పరచండి. ఇంకోటి, బెజవాడ దుమ్ముకి నెల తిరక్కుండానే పూత బూడిద రంగుకి వస్తుంది. అప్పుడప్పుడు చీపురుతో కడిగితేనే దాని పని అది చేస్తుంది.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నా, డాబాకి ఎలాగూ మరమ్మతు చేయిస్తున్నా, తెల్ల టైల్ ముక్కలు పరిపించడం వీటన్నిటికంటే మేలు. ఒకసారి ఖర్చు, మళ్లీ ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు.

అద్దె ఇంట్లో ఉంటే ఓనరుని ఒప్పించడమే అసలు పని. ఇల్లు చల్లబడుతుందని చెబితే ఆయనకి పెద్దగా పట్టదు, ఆయన ఉండేది కింది అంతస్తులో. డాబా లీకేజీ గురించి మాట్లాడండి. “బాబాయిగారూ, సున్నం ఖర్చు నేను పెట్టుకుంటాను, పగుళ్లు పూడ్పించడం మీరు చూసుకోండి, వానాకాలం గోడలు చెమ్మెక్కకుండా ఉంటాయి” అంటే చాలామంది సరేనంటారు. అపార్ట్‌మెంట్ అయితే డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్‌లో మాట పెట్టాలి. పై ఫ్లోర్ వాళ్లు ఖర్చులో సింహభాగం భరిస్తామంటే అడ్డు చెప్పేవాళ్లు తగ్గుతారు.

పూత కుదరకపోతే నీడ. షేడ్ నెట్‌ని డాబా మీద నేరుగా పరిస్తే ఉపయోగం తక్కువ. ఆరేడు అడుగుల ఎత్తున పైపులో, కర్రలో పాతి కట్టాలి, కింద గాలి ఆడాలి. 75 శాతం నీడనిచ్చేది సరిపోతుంది. మే నెలలో ఉన్నట్టుండి ఈదురుగాలులు లేస్తాయి కదా, నాలుగు మూలలే కాకుండా మధ్యలో కూడా కట్లు వేయండి. కరెంటు తీగలకి దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరాకు పందిరి దీనికంటే చల్లన, కానీ ఎండిన ఆకుకి నిప్పు భయం ఉంది. పక్కింటి డాబా మీద వంటలు, దీపావళికి మిగిలిన టపాసులు లాంటివి ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే, అది పనిచేస్తుంది కూడా. నీరు ఆవిరవుతూ చాలా వేడిని పట్టుకుపోతుంది. అయితే మే నెలలో కుళాయి నీళ్లకే వెతుక్కునే వీధుల్లో అది సబబు కాదు. చల్లక తప్పదంటే తడిపిన గోనెసంచులు పరిస్తే తక్కువ నీళ్లతో ఎక్కువసేపు తేమ నిలుస్తుంది.

లోపల ఫాల్స్ సీలింగ్ గురించి కూడా అడుగుతారు. సెగ నేరుగా మీద పడకుండా అది ఆపుతుంది, నిజమే. శ్లాబు మాత్రం కాగుతూనే ఉంటుంది. ఖర్చు చూస్తే పైన తెల్ల పూత వేశాక, ఇంకా చాలకపోతేనే దాని జోలికి వెళ్లాలి.

ఎండని కిటికీకి బయటే ఆపండి

ముదురు రంగు కర్టెన్ వేసి సరిపెట్టుకుంటాం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ కాగుతుంది, ఆ కర్టెన్ గదిని కాపుతుంది. అదే తెర కిటికీకి బయట ఉంటే వేడి బయటే ఉండిపోతుంది. అందుకే డబ్బు పెట్టేటప్పుడు ముందు బయటివైపు పెట్టండి.

సన్‌షేడ్ ఉందిగా అనుకోవద్దు. నడినెత్తి ఎండని అది ఆపుతుంది గానీ నాలుగింటి పడమటెండ దాని కిందనుంచి దూరి నేరుగా మంచం మీద పడుతుంది. పడమటి కిటికీకి, బాల్కనీకి వెదురు తడికో, చుట్టి పైకెత్తుకునే వెదురు చిక్కో కట్టండి. షేడ్ నెట్ ముక్క అయినా ఫర్వాలేదు. తూర్పు కిటికీకి పొద్దున తొమ్మిది వరకు నీడ ఉంటే చాలు. దక్షిణం వైపు మే నెలలో ఖర్చు పెట్టకండి.

వట్టివేళ్ల తడికలు దొరికితే పడమటి గాలి వచ్చే కిటికీకి కట్టి తడుపుతూ ఉండండి. ఆ వాసనకే సగం అలసట పోతుంది. కానీ పడమటి వడగాలి పొడిగా వీచినప్పుడే దాని చల్లదనం తెలుస్తుంది. గాలిలో తేమ ఉన్న రోజు తడిపితే ఉక్క పెరుగుతుంది. ఈ తేడా కూలర్ దగ్గర మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తలుపులు, కిటికీలు ఎప్పుడు తీయాలి

పగలంతా కిటికీలు తీసి ఉంచితే గాలి ఆడుతుందనుకుంటాం. బయట 43 డిగ్రీలు, లోపల 35 ఉన్నప్పుడు కిటికీ తీయడమంటే వడగాలిని ఇంట్లోకి పిలవడమే. పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీలు మూసి, తెరలు దించేయండి. సాయంత్రం బయటి గాలి లోపలికంటే చల్లబడ్డాకే తీయాలి. మన వైపు ఎండ తగ్గాక సముద్రం మీదనుంచి పైరగాలి మళ్లుతుంది, కొన్నాళ్లు ఏడింటికే, కొన్నాళ్లు తొమ్మిదైనా రాదు. గుమ్మంలో నిలబడితే మీకే తెలుస్తుంది.

అప్పటినుంచి తెల్లారేదాకా ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి. ఒకవైపు కిటికీ తీస్తే చాలదు, ఎదురుగా ఇంకో దారి ఉండాలి. తూర్పు దక్షిణాల వైపువి తీసి, అవతలివైపు తలుపో వెంటిలేటరో తీయండి. అలాంటి దారి లేని ఫ్లాట్లలో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని ఒక గంట తిప్పండి, లోపలి వేడిగాలి బయటికి పోయి మిగతా కిటికీల నుంచి చల్లగాలి వస్తుంది. టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటివైపు తిప్పి పెట్టినా అదే పని. దోమల మెష్ లేకపోతే ఇదంతా వృథా, ఎవరూ కిటికీ తీయరు కదా. ఏసీ కొనే డబ్బులో ఓ చిన్న వంతుతో ఇల్లంతటికీ మెష్ వస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు దొంగల భయం చూసుకుని గ్రిల్ ఉన్న కిటికీలే తీయండి.

ఫ్యాన్లు, కూలర్

ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన ఒంటి చెమటని ఆర్పుతుంది. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాన్ ఉత్త ఖర్చు.

పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకి ఇరవై గంటలు తిరిగితే నెలకి 45 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలిని 30 వాట్లకి ఇస్తుంది, నెలకి 18 యూనిట్లు. ఒక్కో ఫ్యాన్‌కి 27 యూనిట్ల తేడా. మూడు వేలకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చకండి. రాత్రీ పగలూ తిరిగేది ఏదో చూసి దాన్ని ముందు మార్చండి. అతిథుల గదిలో ఫ్యాన్‌కి ఆ డబ్బు దండగ.

కూలర్ విషయంలో మన ఊళ్లకి ఒక మెలిక ఉంది. నీరు ఆవిరైతేనే కూలర్ గాలి చల్లబడుతుంది, గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పడమటి గాలి వీచేటప్పుడు కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. సముద్రపు తేమ వచ్చిన రాత్రుల్లో అదే కూలర్ ఒళ్లంతా జిగటగా చేస్తుంది. చెమట పట్టి ఆరట్లేదంటే నీళ్ల పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌గా వాడండి. అన్నిటికంటే ముఖ్యం, కూలర్‌ని గది మధ్యలో పెట్టి తలుపులు బిగించకండి. కిటికీ దగ్గర పెట్టి బయటి గాలి తీసుకునేలా చూడండి, ఎదురు కిటికీ జానెడు తీసి ఉంచండి. తేమగాలి అటు పోవాలి.

సీజన్ మొదట్లో కూలర్ గడ్డి మార్చండి. తొట్టిని వారానికొకసారి పూర్తిగా ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టాలి, డెంగీ దోమ పెరిగేది అలాంటి మంచినీటిలోనే. ‘ఫ్రైడే డ్రైడే’ అని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి చెప్పేది ఇదే. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకేయండి. ఇనుప బాడీ కూలర్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోతే తడి కాళ్లతో ముట్టుకున్నవాళ్లకి షాక్ ప్రాణం మీదికి తెస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కి కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

బిల్లు ఎక్కడ పేలుతోంది

ఏసీ దగ్గరికి వెళ్లేముందు ఈ లెక్క చూడాలి. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి 2022లో ఖరారైన రేట్లు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, 400 దాటితే రూ.9.75. సర్దుబాటు ఛార్జీలు, సుంకం, ఫిక్స్‌డ్ ఛార్జీ వీటికి అదనం. మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి.

ఈ లెక్కన 225 యూనిట్లకి కరెంటు ఛార్జీ రూ.1,017. 300 యూనిట్లకి రూ.1,673. అంటే చివరి 75 యూనిట్లకే రూ.656 అయింది. ఎండాకాలం మీరు ఆదా చేసే యూనిట్లు కింది నుంచి కాదు, పైనుంచి తగ్గుతాయి. మూడు వందల యూనిట్లు కాలే ఇంట్లో ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్ మిగిల్చే 27 యూనిట్ల విలువ నెలకి రూ.236. ఫ్యాన్ ఖరీదు నాలుగు ఎండాకాలాల్లో చాలావరకు వెనక్కి వస్తుంది. నెలంతా 120 యూనిట్లు దాటని ఇంట్లో అదే ఆదా విలువ సగానికి పడిపోతుంది, అక్కడ తొందరపడక్కర్లేదు.

రీడింగ్ తీసిన తేదీ నుంచి పది రోజులకొకసారి మీటర్ చూసి రాసుకోండి. నెల మధ్యలోనే 150 దాటితే ఎక్కడ తగ్గించాలో అప్పుడే ఆలోచించుకోవచ్చు. బిల్లు చేతికి వచ్చాక టెన్షన్ పడి లాభం లేదు.

ఏసీ వాడక తప్పనప్పుడు

24 కాదు, 26 లేదా 27లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ ఒకటి రెండు పాయింట్ల మీద తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. రాత్రి 8 యూనిట్లు తాగే ఏసీని 24 నుంచి 27కి మారిస్తే నెలకి నలభై యూనిట్ల దాకా తగ్గుతాయి, పై రేటులో అది రూ.350. రాగానే 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. చల్లబరిచే వేగం అంతే, మర్చిపోతే ఆగడం మాత్రం ఆలస్యం.

పడుకోబోయే ముందు ఒక గంట కిటికీలు తీసి గదిలో వేడిగాలి పంపేసి, ఆ తర్వాత మూసి ఏసీ వేయండి. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి ఆగేలా టైమర్ పెట్టండి, అప్పటికి శ్లాబు కూడా కాస్త చల్లబడి ఉంటుంది. తలుపు కింద సందుని పాత చీర మడతతో మూసినా చాలు. ఫిల్టర్‌ని పదిహేను రోజులకొకసారి కుళాయి కింద కడిగి ఆరబెట్టండి, దీనికి మెకానిక్ అక్కర్లేదు. బయటి యూనిట్ పడమటి ఎండలో ఉంటే పైన నీడ కల్పించండి, కానీ చుట్టూ గాలి ఆడాలి. దాన్ని బట్టల స్టాండుగా వాడేవాళ్లున్నారు, ఆ పని మాత్రం వద్దు. ఏసీ నడిచే గదిలో కూలర్ వేయకండి, ఆ తేమనంతా మళ్లీ ఏసీయే పిండాలి.

కొత్తది కొనేటప్పుడు స్టార్ స్టిక్కర్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. రెండు మోడళ్ల మధ్య యూనిట్ల తేడాని మీ పై రేటుతో గుణిస్తే, ఎక్కువ స్టార్లకి ఎక్కువ డబ్బు పెట్టడం మీకు గిట్టుబాటో కాదో అక్కడే తేలిపోతుంది. డాబాకి తెల్ల పూత వేయకముందు కొలతలు చూసి రెండు టన్నులు కావాలంటారు. పూత వేశాక ఒకటిన్నర సరిపోవచ్చు. అందుకే ఆ వరస.

మిగిలినవి త్వరగా

డాబా మీది నల్ల వాటర్ ట్యాంకుకి షేడ్ నెట్ చుట్టండి, లేకపోతే సాయంత్రం స్నానానికి కాగిన నీళ్లే వస్తాయి. ఫ్రిజ్ వెనక నాలుగంగుళాల ఖాళీ వదలండి, పడమటి గోడకి ఆనించి పెట్టకండి. డోర్ రబ్బరులో నోటు పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. పప్పు, బియ్యం కుక్కర్ పనులు పొద్దున ఏడులోపు ముగిస్తే మధ్యాహ్నం వంటిల్లు పొయ్యిలా మండదు.

సొంతిల్లు, సొంత డాబా ఉండి నెలనెలా 300 యూనిట్లు దాటుతుంటే సోలార్ ఆలోచించండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకి రూ.60,000, 3 కిలోవాట్లు ఆపైన రూ.78,000 సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్ల చొప్పున వేసుకోవచ్చు, వంద చదరపు అడుగుల దాకా చోటు కావాలి. పలకల కింద డాబాకి నీడ ఊరికే వస్తుంది. పడుకునే గది పైన వచ్చేలా బిగించమని అడగండి. ఏడాదిలో రెండు నెలలే బిల్లు పెరిగే ఇంటికి మాత్రం ఆ పెట్టుబడి తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది.

పొదుపు పక్కన పెట్టాల్సిన రోజులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు, బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లు ఉంటే లెక్కలు మానేయండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. మీ మండలం పేరు అందులో ఉన్న రోజు మధ్యాహ్నం పెద్దవాళ్లున్న గదిలో ఏసీ వేయండి. మీకు ఏసీ లేకపోతే కింది అంతస్తులో వాళ్లింట్లోనో, చుట్టాలింట్లోనో ఆ మూడు నాలుగు గంటలు కూర్చోబెట్టండి. గది వేడి ఒంటి వేడిని దాటాక ఫ్యాన్ ఒక్కటే వేస్తే వేడిగాలి తగలడమే అవుతుంది. ఒంటి మీద తడిగుడ్డ వేసి ఆపైన ఫ్యాన్ తిప్పితే ఉపశమనం. దాహం వేయకపోయినా మజ్జిగ, నీళ్లు, ఓఆర్‌ఎస్ గంటగంటకీ ఇస్తుండండి. నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకి మాత్రం ఎంత ఇవ్వాలో ఆయన్నే అడగాలి.

మాట తడబడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఒళ్లు కాలిపోతూ సొమ్మసిల్లినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు నీడలోకి మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరండి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో ఐసు మూటలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.